కిటికీ పక్క టేబుల్ వీరేశం

నాణేల ప్రదర్శనల్లో పని అంటే అద్దాల పెట్టెల మధ్య మెల్లగా తిరుగుతూ పాత రాజుల పేర్లు చెప్పుకోవడం అనుకుని వచ్చేవాళ్ళకి ముందుగా ఒక మాట. ఈ పనిలో నేను నాణేలని చూసింది తక్కువ, మనుషుల మొహాలు చూసింది ఎక్కువ. అందులోనూ కోపంతో ఎర్రబడ్డ మొహాలు. అమ్మేవాళ్ళు అరుస్తారు, కొనేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, మధ్యలో మనం నిలబడాలి. పదవీ విరమణ దాకా నేను అలాగే నిలబడ్డాను. అదేదో ధైర్యం అనుకునేరు. నేను పుట్టు పిరికిదాన్ని. మా అమ్మ వంటింట్లో మూత జారవిడిస్తే పెరట్లో ఉలిక్కిపడేదాన్ని. అలాంటిదాన్ని తెచ్చి హైదరాబాదులో నోటి దురుసుకి పేరుపడ్డ వ్యాపారులందరి మధ్యా పడేశాడు దేవుడు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు కొందరు నన్ను అడుగుతుంటారు, అరిచేవాళ్ళతో ఎలా వేగేవారు ఆంటీ అని. వేగడం అంటూ ఏమీ లేదు. హాలు తలుపులు తెరిచే ముందు నాకు ప్రతిసారీ భయం వేసేది. చివరి ప్రదర్శన రోజున కూడా అంతే. భయం పోయాక పని మొదలుపెడదామనుకుంటే నేను ఇంట్లోంచి బయటికే వచ్చేదాన్ని కాదు.

హాలు, గుడ్డ, ట్రే

మా యజమాని రామ్మోహన్‌రావు గారు ఒకప్పుడు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. హీరోల అలకలు తీర్చీ తీర్చీ విసిగిపోయి చీరల ప్రదర్శనలు, నగల ప్రదర్శనలు పెట్టడం మొదలుపెట్టారు, అక్కణ్ణించి నాణేల దాకా వచ్చారు. హైటెక్ సిటీ పిల్లల చేతుల్లో డబ్బు ఆడుతున్న రోజులవి. శని, ఆదివారాలు ఏం చెయ్యాలో తోచక ఒకరు కెమెరా కొంటే, ఇంకొకరు పాత నాణేలు కొనేవారు. మెడలో కంపెనీ కార్డు తీయకుండానే వచ్చేవారు. నేను శ్రీనగర్ కాలనీలో ఉండేదాన్ని. హాల్లో టేబుళ్ళు పంచడం, వచ్చిన ఫిర్యాదులు వినడం, గొడవలు సర్దడం నా పని.

హాలు ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద. పెళ్ళిళ్ళకీ పాటల విడుదల సభలకీ ఇచ్చే హాలు. మేం వెళ్ళేసరికి ముందు రోజు సభ తాలూకు ఫ్లెక్సీలో ఎవరో ఒక హీరో వేదిక మీద ఇంకా నవ్వుతూనే ఉండేవాడు. కింద వాడిన బంతిపూలు ఊడ్చి, కృష్ణానగర్‌లో షూటింగులకి సామాను కిరాయికిచ్చేవాళ్ళ దగ్గర్నుంచి తెచ్చిన టేబుళ్ళు వేయించేదాన్ని. ఆ హాలు దీపాల పసుపు వెలుగు పెళ్ళికూతురికి బాగుంటుంది గానీ నాణేనికి పనికిరాదు. అందుకని కిటికీల పక్క టేబుళ్ళ కోసం ప్రతిసారీ యుద్ధమే.

నాణెం చూపించడానికి ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడు టేబుల్ మీద మెత్తని గుడ్డ పరిచి, ట్రేలోంచి ఒక్క నాణెం తీసి గుడ్డ మీద పెడతాడు. అది తిరిగి గుడ్డ మీదికి వస్తేనే రెండోది బయటికి వస్తుంది. అంచులు పట్టుకోవాలి, బొమ్మ మీద వేలు పెట్టకూడదు. నాణెం గుడ్డ దాటి పక్కకి పోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, రుద్దకూడదు. మన ఇళ్ళలో పాతదేదైనా కనబడితే చింతపండు పెట్టి తోమేదాకా చేతులు ఊరుకోవు. అలా తోమిన నాణెం తళతళా మెరుస్తుంది, దాని విలువ మాత్రం తోమిన నీళ్ళతోపాటు తూములోకి పోతుంది.

ఇంకొక్కటి తెలుసుకోవాలి. ఎవరి గురించైనా ఈ హాల్లో "చెయ్యి మంచిది కాదు" అన్న మాట పుట్టిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. ఎవరూ గట్టిగా ఏమీ అనరు. ఆ మనిషి దగ్గరికి వస్తుంటే ట్రే మూత పడుతుంది, అంతే. ఒకాయన అలా హాలంతా తిరగడం నేను చూశాను. ఆయన నడుస్తుంటే ముందు మూతలు పడుతూ పోయాయి. ఆ చప్పుడు తిట్టు కన్నా చెడ్డది. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

తిట్టేవాడి పక్కన నిలబడు

రామ్మోహన్‌రావు గారు నాకు నేర్పింది ఒకే ఒక్కటి. తిట్టేవాడికి ఎదురుగా నిలబడకమ్మా, పక్కన నిలబడు అనేవారు. ఎదురుగా ఉంటే నోరు తప్ప ఇంకేమీ కనబడదు, పక్కన నిలబడితే వాడు చూసేదేదో నీకూ కనబడుతుంది అని. ఇది ఆయన సెట్లలో నేర్చుకున్న విద్య. మొదట్లో నేను దీన్ని ఇష్టంగా పాటించడానికి కారణం వేరే. పక్కన ఉంటే మొహం చూడక్కర్లేదు కదా, భయం కాస్త తగ్గుతుంది.

కొందరు కావాలనే కసురుకుంటారు. కొంటే కొను, లేకపోతే జరుగు అంటారు. మర్యాదస్తుడు సిగ్గుపడి, భూతద్దం జేబులోంచి తీయకుండానే కొనేసి వెళ్ళిపోతాడు. ఇంటికెళ్ళి చూసుకుంటే నకిలీ. అలాంటి కసురు వ్యాపారంలో భాగం. దానికి మందు ఏమిటంటే ఏమీ మాట్లాడకుండా భూతద్దం తీసి నిదానంగా చూడటమే.

కసరనివాళ్ళు మంచివాళ్ళనుకుంటే మళ్ళీ పొరపాటే. ప్రభాకర్ అని ఒకాయన ఉండేవాడు. తమ్ముడూ, చెల్లెమ్మా అంటూ టీ తెప్పించి, కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. ఆయన మీద నాకు ఫిర్యాదు వచ్చింది ఎప్పుడూ లేదు. ఆయన దగ్గర కొన్నవాళ్ళు మాత్రం తర్వాతి ప్రదర్శనకి మొహం ముడుచుకుని వచ్చేవాళ్ళు. టీ తాగాక అడగలేకపోయామండీ అనేవాళ్ళు. తియ్యటి మాటల దగ్గర నాకు భయం వేసేది కాదు, వెయ్యాల్సింది అక్కడే.

వీరేశం

ఇక వీరేశం గారు. పాతబస్తీలో చిన్న దుకాణం. అరవై దాటిన మనిషి, తెల్ల లాల్చీ, మందపాటి కళ్ళద్దాలు. అల్లుడు స్కూటర్ మీద తెచ్చి హాలు మెట్ల దగ్గర దింపి వెళ్ళిపోయేవాడు. నాకొచ్చే ఫిర్యాదుల్లో సగం ఆయన మీదే ఉండేవి.

ఎవరైనా నాణెం చేతిలోకి తీసుకుంటే చాలు, చీటీ మీద ఏముందో సదువు అనేవాడు. మెల్లగా చదివితే గట్టిగా చదవమని గద్దించేవాడు, సాఫ్ట్‌వేరోళ్ళకి సదువు రాదా అని ఎగతాళి చేసేవాడు. ప్రతి నాణేన్నీ ఇచ్చే ముందూ తీసుకున్నాకా అరచేతిలో పట్టే తూకం మిషన్ మీద పెట్టించేవాడు. అంకె కూడా కొనేవాడే పైకి చెప్పాలి. ట్రే కాస్త జరిపితే "కండ్లు కనవడ్తలేవా? యాడున్నది ఆడ పెట్టు" అని కేక. ఆ కేక ఆయనకి ఊతపదం లాంటిది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా హాల్లో వినబడుతూనే ఉండేది. ఒకసారి సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంటు మనిషి వచ్చి, రాజుల కథ తీస్తున్నాం, నాణేలు రెండు రోజులు కిరాయికిస్తారా అని అడిగితే, "నా నాణేలకు యాక్టింగ్ రాదు, పో" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, స్తంభం చాటున.

ఫిర్యాదులు ఎక్కువైపోయి ఒకసారి రామ్మోహన్‌రావు గారు ఆయన్ని కిటికీ పక్క నుంచి స్తంభం పక్కకి మార్చారు. ఆ కబురు మోసుకెళ్ళింది నేను. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కానీ ఆ రెండు రోజులూ ఆయన ట్రేలు సగమైనా తెరవకపోవడం, వచ్చినవాళ్ళని వచ్చినట్టే తరిమెయ్యడం చూసి, పంతం అనుకున్నాం. తర్వాతి ప్రదర్శనకి మళ్ళీ కిటికీ పక్కే ఇచ్చాం. ఒక మనిషికి వెలుతురు మీద అంత పంతం ఎందుకని నేను ఆలోచించలేదు.

రామటంకం

ఆ ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. భోజనాలై జనం పలచగా ఉన్నారు. కిటికీ పక్క నుంచి మామూలు కేకే వినబడింది, దాని తర్వాత మామూలు కాని మాట వినబడింది. "దొంగ."

పరుగెత్తాను. టేబుల్ ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు మాధవి. రాజమండ్రి వైపు పిల్ల, హైటెక్ సిటీలో ఉద్యోగం, యూసుఫ్‌గూడలో హాస్టల్. అంతకుముందు రెండుసార్లు మా ప్రదర్శనకి వచ్చింది, అందుకని తెలుసు. లేత పసుపు చున్నీ వేసుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆమె చూసింది రామటంకం. అది ఖర్చుపెట్టే డబ్బు కాదు. పూజలో పెట్టుకునే బిళ్ళ. ఒకవైపు సీతారాములు సింహాసనం మీద కూర్చుని ఉంటారు, రెండోవైపు రామలక్ష్మణులు విల్లులు పట్టుకుని నిలబడి ఉంటారు. తరాల తరబడి పూజల్లో ఉన్నవి కనుక పాతవాటి బొమ్మల సందుల్లో చందనం, కుంకుమ గట్టిపడి ఉంటాయి. వీటికి నకిలీలు కోకొల్లలు. అసలుది తీసుకుని నకిలీ పెట్టి పోయేవాళ్ళ కథలు ప్రతి ప్రదర్శనలోనూ వినేవాళ్ళం.

"గిది నాది గాదు," అంటున్నాడు వీరేశం. "నా బిళ్ళ తీస్కొని గిది వెట్టింది. పోలీసులను పిలువుండ్రి."

నేను అలవాటు ప్రకారం వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన బిళ్ళని కళ్ళద్దాల దగ్గరికి ఎత్తి పట్టుకుని అందరికీ చెబుతున్నాడు. "సీతారాములు కూసున్న బొమ్మ సూడుండ్రి. నా దాంట్ల గొడుగు గిట్ల ఉండదు. గిది కొత్తగ పోసిన బిళ్ళ."

ఆయన మొహం వైపు ఉన్నది సీతారాముల బొమ్మ కాదు. విల్లులు పట్టుకుని నిలబడ్డ రామలక్ష్మణులు.

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత ఆయన బొటనవేలు చూశాను. అది బొమ్మ మీద మెల్లగా, గుడ్డివాడు గోడ తడుముకున్నట్టు తిరుగుతోంది. చీటీ చదివించడం, అంకె చెప్పించడం, ట్రే కదిలితే కేకలు, కిటికీ కోసం యుద్ధం, అన్నీ ఒక్కసారిగా నా కళ్ళముందుకి వచ్చాయి. ఈయనకి కనబడటం లేదు. ఎన్నాళ్ళ నుంచో కనబడటం లేదు. ఆ సంగతి తెలిసినందుకు నాకు గెలిచినట్టు ఏమీ అనిపించలేదు, భయమే వేసింది. ఎందుకంటే చుట్టూ ఉన్నది ఆయన తిట్టిన మనుషులు. కళ్ళు పోయినవాడి ట్రే అంటే తాళం లేని ఇల్లే. సాయంత్రానికల్లా సగం అసలు నాణేలు నకిలీలైపోతాయి.

రామ్మోహన్‌రావు గారు వచ్చారు. తూకం వెయ్యండి అన్నారు. ఇచ్చే ముందు మాధవి గట్టిగా చదివి చెప్పిన అంకె పక్క టేబుల్ వాళ్ళందరికీ గుర్తుంది. ఇప్పుడు వేస్తే చివరి అంకె తక్కువ వచ్చింది. వెంట్రుక వాసి తేడా. జనంలో గుసగుస లేచింది. ప్రభాకర్ తన టేబుల్ దగ్గర్నుంచి లేచి వచ్చి, పాపం చిన్నపిల్ల, పోలీసుల దాకా వద్దు అన్నాడు తియ్యగా. ఆ మాటతో ఆమె దొంగ అని అందరికీ రూఢి అయిపోయింది. అటుపక్క టేబుల్ ఆయన తన ట్రే మూత వేశాడు. ఆ చప్పుడు నాకు తెలుసు.

పక్కకి తీసుకెళ్ళి సంచి చూడమ్మా అన్నారు రామ్మోహన్‌రావు గారు నాతో. ఆయన గొంతులో కూడా భయం ఉంది. హాల్లో పోలీసులు అడుగుపెడితే ఇక ఆ హాలు మాకివ్వరు.

ఆ అమ్మాయిని పెళ్ళికూతురి గదిలోకి తీసుకెళ్ళాను. అద్దం చుట్టూ బల్బులు, గోడకి అతుక్కున్న బొట్టుబిళ్ళలు. నేను అడగకముందే ఆమె సంచి బోర్లించింది. తాళంచెవులు, టిఫిన్ డబ్బా, కంపెనీ కార్డు, దువ్వెన. ఇంకేమీ లేదు. వెతకడానికి నా చేతులు రాలేదు.

"పోలీసు కేసంటే మా కంపెనీలో ఉంచరండీ," అంది. "మా ఇంట్లో తెలిస్తే నాన్న తట్టుకోలేరు. నేను తియ్యలేదండీ."

"తియ్యలేదని నాకు తెలుసమ్మా. అది చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి ఏం చేశావో ఒక్కొక్కటీ చెప్పు."

ఆమె చెప్పింది. చీటీ చదివింది. తూకం అంకె చదివింది. దేవుడి బొమ్మ కదా అని కళ్ళకి అద్దుకుంది. తర్వాత చూస్తే రాముడి మొహం మీద ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది. మొహం కనబడాలని చున్నీ కొసతో గట్టిగా తుడిచింది.

చున్నీ కొస పట్టుకుని దీపం దగ్గరికి తెచ్చాను. పసుపు గుడ్డ మీద ఎర్రటి మరక, చందనం వాసన. ఎన్ని తరాల పూజో ఆ చున్నీ కొసకి వచ్చేసింది. కళ్ళు ఉండి దాన్ని ముందు చూసిన ఎవరికైనా అదే బిళ్ళ అని తెలిసేది. వీరేశం గారి వేలికి మాత్రం అది తన బిళ్ళ కాదు, సందుల్లో కుంకుమ లేని వేరే బిళ్ళ. తూకంలో తగ్గిందీ ఆ కుంకుమే.

గదిలోంచి టేబుల్ దాకా నడిచిన ఆ కాస్త దూరం నా ఉద్యోగంలో అన్నిటికన్నా పొడవైనది. ఉన్నది ఉన్నట్టు చెబితే ఈ పిల్ల బయటపడుతుంది. కానీ ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాడు తన బిళ్ళని తాను ఎందుకు పోల్చుకోలేదని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేవాడు ప్రభాకరే అవుతాడు. చెప్పకపోతే ఈ పిల్ల జీవితం మీద మరక. పారిపోదామనిపించింది, మెట్ల దాకా దారి కూడా చూసుకున్నాను.

వెళ్ళి మళ్ళీ వీరేశం గారి పక్కనే నిలబడ్డాను. చున్నీ కొస అందరికీ చూపించి, ఈ అమ్మాయి తెలియక నాణేన్ని రుద్దింది, కుంకుమంతా దీనికి వచ్చింది, తూకం తేడా కూడా అదే, రుద్దిన నాణెం ఎంతటివాడికైనా వేరేదానిలాగే ఉంటుంది అని పైకి చెప్పాను. తర్వాత చున్నీ కొస ఆయన చేతిలో పెట్టి, వంగి, చెవిలో చెప్పాను.

"వీరేశం గారూ, మీరు చెప్పిన బొమ్మ అవతలి వైపు ఉంది."

ఆయన చెయ్యి ఆ గుడ్డని గట్టిగా పట్టుకుంది. చున్నీ కొస ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. ఆ పెద్ద మనిషి మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోవడం నేను అంత దగ్గర నుంచి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

"ఇంట్ల గూడ తెల్వదు బిడ్డా," అన్నాడు. నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. "ఎవ్వలకు చెప్పకు."

మరుక్షణం తల ఎత్తి మాధవి ఉన్న వైపు కాకుండా కాస్త పక్కకి చూస్తూ అరిచాడు, దేవుని బిళ్ళను రుద్దుతవా, బుద్ధి ఉన్నదా అని. జనం నవ్వేశారు. మళ్ళీ మొదలుపెట్టాడురా అనుకుంటూ చెదిరిపోయారు. ఆయన తిట్టు ఎవరికైనా అంత పనికొచ్చింది ఆ ఒక్కసారే. ప్రభాకర్ మాత్రం నవ్వలేదు. వెళ్ళే ముందు వీరేశం కళ్ళద్దాల వంక కాసేపు చూశాడు.

టీ దగ్గర

మాధవిని టీ పెట్టే మూలకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. గ్లాసుని రెండు చేతులా పట్టుకుంది. ఆయనకి కనిపించదు కదండీ అంది. ఆయన చెప్పిన సీతారాములు నా వైపు ఉన్నారు, ఆయన మొహం వైపు కాదు, నాకు అప్పుడే తెలిసింది, చెబుదామంటే భయంతో నోరు రాలేదు అంది. నాకూ అంతేనమ్మా అన్నాను. ఇద్దరం పిరికివాళ్ళం కూర్చుని టీ తాగాం. ఆమె మళ్ళీ ఎప్పుడూ ప్రదర్శనకి రాలేదు. వీరేశం గారు ఆమెని క్షమాపణ అడగలేదు కూడా. ఆయన మనసు వెన్న అని రాయడానికి నేను కూర్చోలేదు. కేకల వెనక ఎప్పుడూ మంచితనమే ఉంటుందనుకుని మీరు మోసపోకండి. ఆయన కేకల వెనక ఉన్నది భయం. అది నాకు బాగా తెలిసిన వస్తువు కనుక పోల్చుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్ళి ఒక్క షరతు పెట్టాను. నన్ను పిలవకుండా ఎవరినీ దొంగ అనకూడదు. అనుమానం వస్తే నన్ను పిలవండి, నేను చూసి చెబుతాను. అందరికీ తెలిసిన కేకే వెయ్యండి, ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపలేదు. ట్రే మూతలు వేసుకుంటూ, ఇంక నడువు అన్నాడు. అదే ఒప్పందం.

రామ్మోహన్‌రావు గారికి చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందని కొందరంటారు. కావచ్చు. ఒక మనిషి అన్నం ఆ కళ్ళ మీద ఆధారపడి ఉందని తెలిశాక నాకు నోరు పెగల్లేదు. ఆ తర్వాత ప్రతి ప్రదర్శనలోనూ నా భయం రెట్టింపైంది. అంతకుముందు ఆయన అరిస్తే భయపడేదాన్ని. ఇప్పుడు హాల్లో ఏ మూల ఉన్నా ఆయన అరుపు కోసం చెవి అటే పెట్టుకుని ఉండేదాన్ని. అరుపు వినబడినంతసేపూ ఆయన ట్రే భద్రం.

పిలుపు

ఏడాది తిరిగిందో లేదో, ఒక శనివారం పిలుపు రానే వచ్చింది. "ఓ మేడం, కండ్లు కనవడ్తలేవా? ఎంతసేపు పిలువాలె." నేను అప్పుడు హాలుకి ఆ చివర ఉన్నాను. ఆయన పిలవడం అదే మొదలు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

ఆయన నా చేతిలో ఒక బిళ్ళ పెట్టాడు. అదే రామటంకం. ఆ గొడవ తర్వాత దాన్ని ఆయన అమ్మకుండా ఉంచుకున్నాడు, చూపించడానికి మాత్రం పెట్టేవాడు. కుంకుమ పోయిన ఆ బిళ్ళ ఆయన వేలికి ఇంక ఏమీ చెప్పడం లేదు.

"నాదేనా?" అన్నాడు.

కిటికీ వెలుతురు బాగానే ఉంది. భూతద్దం పెట్టి చూశాను. సింహాసనం అంచున సన్నటి నొక్కు ఉండాలి, ఆ గొడవ తర్వాత చాలాసార్లు చూసి నాకు కంఠతా వచ్చు. లేదు. బొమ్మ ముక్కులు మెత్తగా, పోతపోసినట్టు ఉన్నాయి. రెండోవైపు తిప్పాను. మళ్ళీ తిప్పాను. ఆయన మొహం నా వైపే ఉంది, కళ్ళు మాత్రం నా చెవి దగ్గర ఎక్కడో ఉన్నాయి. అదే మీది అనేస్తే ఆ క్షణం గడిచిపోతుంది. అనలేకపోయాను.

"కాదండీ."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను. నలుగురూ చూస్తారు, తలుపులు వేయిస్తాం, ఏదో ఒకటి చేస్తాం. ఎవరు చూశారు దీన్ని అని అడిగాను. ఇప్పుడే ఒకాయన చూసి వెళ్ళాడట. ఎవరో తెలియదట.

"మస్తు మర్యాదగ మాట్లాడిండు బిడ్డా," అన్నాడు. "చీటీ గూడ అడగకముందే సదివిండు."

ట్రేలు ఒక్కొక్కటే తడిమి మూతలు వేశాడు. హాలు మధ్యాహ్నానికి అంత నిశ్శబ్దం కావడం నేను ఎప్పుడూ చూడలేదు. చుట్టుపక్కలవాళ్ళు తలలు ఎత్తి చూస్తున్నారు, కేక ఏమైందా అని. ఇన్నేళ్ళూ ఆ మనిషి గొంతుకి భయపడ్డాను. ఆ గొంతు లేకపోతే వచ్చే భయం ఇంకా పెద్దదని ఆ రోజు తెలిసింది.

సంచి భుజాన వేసుకుని, మెట్ల దాకా జర తోడు రా అన్నాడు. మోచెయ్యి పట్టుకుని నడిపించాను. అందరూ చూస్తుండగా నడిపించాను, ఇక దాచడానికి ఏముంది. ప్రభాకర్ టేబుల్ దాటాం. ఆయన టీ గ్లాసు పట్టుకుని మా వంకే చూస్తున్నాడు. ఆయనే చేశాడని నేను అనను, నాకు తెలియదు. తలుపు దగ్గర హడావుడిగా వస్తున్న ఒక కుర్రాడు, మెడలో కంపెనీ కార్డు, చెవి దగ్గర ఫోను, చూసుకోకుండా వచ్చి వీరేశం గారిని గుద్దుకున్నాడు. ఆయన తూలాడు. సంచి జారింది. ఆయన అరుస్తాడని ఒక క్షణం ఆగాను. అరవలేదు, గోడ కోసం చెయ్యి చాచాడు.

అప్పుడు ఒక కేక వినబడింది. "కళ్ళు కనిపించట్లేదా?"

హాలంతా ఇటు తిరిగింది. ఆ కుర్రాడు బిత్తరపోయి సారీ ఆంటీ అన్నాడు. అరిచింది నేనని నాకు అప్పుడు తెలిసింది. వీరేశం గారు నా చేతిని తడిమి పట్టుకుని, మెట్టు ఎక్కడుందో చెప్పమన్నారు. చెప్పాను.